చెకుముకి రాతిలో ఊరి పేర్లు

ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలో, సఫోక్ కౌంటీలో లాంగ్ మెల్ఫర్డ్ అనే ఊరుంది. పేరుకు తగ్గట్టే పొడవాటి ఊరు. ఒకే పెద్ద వీధి, దానికి అటూ ఇటూ ఇళ్లు. వీధి ఉత్తరపు కొసన పచ్చికబయలు, దాని ఎగువన హోలీ ట్రినిటీ చర్చి. వచ్చినవాళ్లలో చాలామంది నేరుగా తలుపు దగ్గరికి వెళ్లిపోతారు. అలా వెళ్లకూడదు. ముందు గోడ వెంట, తల పైకెత్తి, నెమ్మదిగా నడవాలి. కిటికీల పైన, పిట్టగోడ కింద, రాతిలో పొదిగిన పెద్ద పెద్ద అక్షరాలు వరుసగా సాగిపోతుంటాయి. అవి బైబిలు వాక్యాలు కావు, మనుషుల పేర్లు. రోజర్ మోరియెల్, అతని ఇద్దరు భార్యలు మార్గరెట్, కేథరిన్. వీళ్ల ఆత్మల కోసం ప్రార్థించండి, ఈ కమానులను తిరిగి కట్టింది వీళ్ల సొమ్ముతోనే అని ఆ రాత సారాంశం. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఇంకొకరి పేరు, ఆ తర్వాత మరొకరిది.

అయిదు వందల ఏళ్లు దాటినా ఆ అక్షరాలు చెదరలేదు. చదవడం వచ్చిన ఎవరైనా ఇప్పటికీ చదువుకోవచ్చు.

మధ్యయుగపు చర్చి అనగానే రాజు కట్టించాడనో, బిషప్ కట్టించాడనో అనుకుంటాం. మహానగరాల్లోని కెథెడ్రళ్ల సంగతి వేరు. ఊరి చర్చి మాత్రం ఊరు కట్టుకున్నది. మెల్ఫర్డ్ చర్చి ఉన్ని బట్టల వ్యాపారంతో లేచింది. 15వ శతాబ్దిలో సఫోక్ దక్షిణ భాగమంతా మగ్గాల చప్పుడే. పక్కనే ఉన్న లావెన్హమ్ అలాంటిదే, మెల్ఫర్డ్ అలాంటిదే. నూలు వడికిన ఆడవాళ్ల చేతుల మీదుగా, నేతగాళ్ల మగ్గాల మీదుగా, రంగులద్దినవాళ్ల తొట్ల మీదుగా పోగైన సొమ్ము బట్టల వ్యాపారుల పెట్టెల్లోకి చేరింది. వాళ్లు పోయేముందు రాసిన వీలునామాల ద్వారా అందులో కొంత చర్చి గోడల్లోకి మళ్లింది. ఈ చర్చి 1467కూ 1497కూ మధ్య దాదాపు కొత్తగా లేచిందని మనకు తెలిసింది కూడా ఆ వీలునామాల వల్లే. ఫలానా పనికి ఇంత అని వాటిలో రాసి ఉంటుంది. కాబట్టి ఈ కట్టడాన్ని ఊరి పద్దుపుస్తకంలా చదవాలి. ఎవరు ఎంత సంపాదించారు, అందులో ఎంత ఇచ్చారు, ఇచ్చి ఏం అడిగారు అన్నవన్నీ గోడల మీదే ఉన్నాయి.

ఆ గోడలు దేనితో కట్టారో కూడా చూడాలి. సఫోక్‌లో మంచి కట్టుబడి రాయి దొరకదు. దొరికేదల్లా చెకుముకి రాయి. వంకరటింకర గడ్డలుగా, పైన తెల్లటి పెచ్చుతో ఉంటుంది. నేర్పుగా ఒక దెబ్బ వేసి చీలిస్తే లోపల నల్లగా, గాజులా మెరిసే ముఖం బయటపడుతుంది. దూరం నుంచి తెప్పించిన సున్నపురాయిని అక్షరాల ఆకారంలో, కమానుల ఆకారంలో చెక్కి, మధ్య ఖాళీల్లో ఈ నల్ల ముక్కలను కుదురుగా కూర్చేవారు. రెండూ ఒకే మట్టానికి రావాలి. అంటే ఒక్కో ముక్కనూ చేత్తో సరిచేసుకోవాలి. వాన వెలిసి ఎండ పడినప్పుడు నలుపు తళతళలాడుతుంది, తెలుపు మెత్తగా కనిపిస్తుంది. మంచి రాయి దొరకని నేల తన చేతిలో ఉన్నదానితోనే ఇంత అందమైన పనితనాన్ని పండించుకుంది. దాని ముందు ఎన్నో పాలరాతి మేడలు వెలవెలబోతాయి.

లోపలికి అడుగుపెడితే మొదట కనిపించేది వెలుగు. పొడవు 150 అడుగులకు పైమాటే. సన్నటి స్తంభాలు, వాటి మీద కోసుగా కలిసే కమానులు, వాటిపైన ఇంకో వరుస కిటికీలు. గోడ కన్నా గాజే ఎక్కువ అనిపిస్తుంది. నిలువు గీతలకు ప్రాధాన్యమిచ్చే ఈ శైలికి 'పెర్పెండిక్యులర్' అని 19వ శతాబ్దిలో థామస్ రిక్‌మన్ పేరు పెట్టాడు. ప్లేగు మహమ్మారి 1348–49లో వచ్చి దేశ జనాభాలో మూడో వంతుకు పైగా తుడిచిపెట్టిన తర్వాత ఇంగ్లండ్ ఊళ్లలో బాగా వ్యాపించిన శైలి ఇది. మెదక్ చర్చిలో నిలబడి తల ఎత్తినవారికి ఈ కోసు కమానుల రూపం కొత్త కాదు. కరువు రోజుల్లో జనానికి పని చూపి కూడు పెట్టడానికి చార్లెస్ వాకర్ పాస్నెట్ మొదలుపెట్టిన ఆ కట్టడం 1924లో పూర్తయింది. ఇంగ్లండ్‌లో గోథిక్ శైలికి మళ్లీ ప్రాణం పోసినవారి పరంపరలోనిదే అది. మెల్ఫర్డ్ లాంటి చోట్ల ఉన్నది దానికి మూలరూపం.

ఈ నిర్మాణానికి పెద్ద దిక్కు జాన్ క్లాప్టన్. పక్కనున్న కెంట్‌వెల్ హాల్ ఆసామి. సింహాసనం కోసం రెండు రాజవంశాల మధ్య సాగిన గులాబీల యుద్ధాల్లో లాంకాస్టర్ పక్షం వహించాడు. రాణి మార్గరెట్‌తో రహస్యంగా ఉత్తరాలు నడిపారన్న నేరం మీద 1462లో ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్‌తో పాటు లండన్ టవర్‌లో ఖైదయ్యాడు. ఎర్ల్ తల తెగింది. క్లాప్టన్ మాత్రం ఎలాగో బతికి బయటపడ్డాడు. అయిదేళ్లకు చర్చి పని మొదలైంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఏ కాగితమూ చెప్పదు. అయినా గొడ్డలి అంచు దాకా వెళ్లి వచ్చిన మనిషి మిగిలిన ముప్పై అయిదేళ్లలో ఎక్కువ భాగం ఒక ప్రార్థనాలయం కోసం గడిపాడంటే, ఆ మనసులో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

అతను తన సమాధికి ఎంచుకున్న చోటు చూస్తే ఆ మనసు ఇంకాస్త తెలుస్తుంది. ప్రధాన బలిపీఠానికి ఉత్తరాన, గోడలో ఒక కమాను. దాని కింద నున్నటి రాతి సమాధి. పైన పడుకున్న బొమ్మ లేదు, కవచం లేదు, కిరీటం లేదు. ఆ రోజుల్లో ఏటా శుభ శుక్రవారం నాడు క్రీస్తు సమాధిని గుర్తుచేస్తూ ఒక ఏర్పాటు చేసి, ఈస్టర్ ఉదయం దాకా దీపాలు పెట్టి కాపలా ఉండేవారు. ఆ ఏర్పాటు నిలిచే చోటే క్లాప్టన్ సమాధి. కమాను లోపలి భాగంలో పునరుత్థానుడైన క్రీస్తు, పక్కన క్లాప్టన్ కుటుంబం, వెలిసిపోయిన రంగుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఊరంతా ఏటా ఒకసారి తన మీద వంగి ప్రార్థించాలని కోరుకున్నాడన్నమాట. పైవరుస కిటికీల దగ్గర అతను లాటిన్‌లో రాయించిన మాట ఒకటుంది. పొగడ్తల కోసం ఇది చేయలేదు, ఆత్మను తలుచుకుంటారని చేశాను, క్రీస్తే సాక్షి అని దాని భావం.

దానం చేసి పేరు చెక్కించుకున్నవాడు పొగడ్త వద్దంటే నమ్మేదెలా అని ఎవరికైనా సందేహం రావచ్చు. ఆ కాలపు నమ్మకం తెలిస్తే సందేహం తీరుతుంది. చనిపోయిన ఆత్మ మోక్షానికి ముందు ఉత్తరించు స్థలంలో శుద్ధి కావాలి. బతికున్నవాళ్ల ప్రార్థనలే ఆ బాధను తగ్గించేవి. పేరు తెలియకపోతే ప్రార్థన ఎవరి కోసం చేస్తారు? అందుకే పేరు. మన గుళ్ల దానశాసనాల్లో దానం ఆచంద్రార్కం నిలవాలని రాయించేవారు. మెల్ఫర్డ్ దాత అడిగింది సాయం. దారిన పోయేవాడా, ఒక్క ప్రార్థన చేసి పో అని బతిమాలాడు. ఈ గోడల మీద అక్షరాలన్నీ అలాంటి వేడుకోళ్లే.

ఈ చర్చిలో మనసును అన్నిటికన్నా ఎక్కువగా పట్టేసే పేరు క్లాప్టన్‌ది కూడా కాదు. తూర్పు కొసన 1496లో కట్టిన లేడీ చాపెల్ ఉంది. మరియమ్మ పేరిట కట్టిన విడి మందిరం అది. దాని గోడ మీద జాన్ హిల్, జాన్ క్లాప్టన్‌ల పక్కన రిచర్డ్ లవ్‌డే అనే పేరుంది. ఇతనెవరో కూడా అక్కడే రాసి ఉంది: క్లాప్టన్ ఇంట్లో బట్లర్. యజమానితో సమానమైన అక్షరాల్లో, ఒకే గోడ మీద పనివాడి పేరు. 15వ శతాబ్దిలో యుద్ధాలు చేసిన ఎందరో ప్రభువుల సమాధులు ఆనవాలు లేకుండా పోయాయి. ఒక బట్లర్ పేరు మాత్రం చెకుముకి రాతి మధ్య భద్రంగా ఉంది.

కిటికీల్లో మిగిలిన రంగుటద్దాలు ఇంకో లోకం. మోకరిల్లిన దాతలు, దొరసానులు, న్యాయాధికారులు, క్లాప్టన్ బంధుమిత్రులు అందరూ అందులో ఉన్నారు. నార్ఫోక్ డచెస్ ఎలిజబెత్ తలపాగా, ముఖం చూసే చిత్రకారుడు జాన్ టెనియల్ 'ఆలిస్' పుస్తకంలో డచెస్ బొమ్మ గీశాడని ఊళ్లో అంటారు. క్లాప్టన్ చాపెల్ కిటికీలో అరచేతి పట్టున ఒక అపురూపమైన బొమ్మ ఉంది. సిలువ కొయ్యకు బదులు లిల్లీ మొక్క, ఆ మొక్క మీద క్రీస్తు. లిల్లీ మరియమ్మ స్వచ్ఛతకు గుర్తు. గర్భధారణ శుభవార్త, సిలువ మరణం రెండూ ఒక్క కొమ్మ మీద కలిశాయి. ఉత్తరపు తలుపు పైన చిన్న గుండ్రటి అద్దంలో మూడు కుందేళ్లు ఒకదాని వెంట ఒకటి పరుగెడుతుంటాయి. ఒక్కోదాన్ని విడిగా చూస్తే రెండేసి చెవులు, మొత్తం లెక్కపెడితే మూడే. పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనడం మనకు అలవాటు. ఇక్కడ మూడు కుందేళ్లకూ కలిపి మూడే చెవులు. ఇదే బొమ్మ చైనాలో దున్‌హువాంగ్ బౌద్ధ గుహల పైకప్పుల మీద ఎన్నో వందల ఏళ్ల ముందే ఉంది. పట్టుబట్టల దారి వెంట నడిచి ఉన్ని బట్టల ఊరికి ఎలా చేరిందో గానీ, చేరింది.

ఇన్ని మిగిలాయి కదా అని సంతోషించే ముందు, ఏం పోయిందో తెలుసుకోవాలి. అది చెప్పినవాడు రోజర్ మార్టిన్. ఈ ఊరి బట్టల వ్యాపారుల కుటుంబంలో 1520ల్లో పుట్టి, 1615 దాకా బతికాడు. దేశం ప్రొటెస్టెంటుగా మారినా తాను కేథలిక్కుగానే మిగిలాడు. చిన్నప్పుడు తాను చూసిన చర్చి ఎలా ఉండేదో ముసలితనంలో రాసిపెట్టాడు. బలిపీఠం వెనక బంగారు పూత పూసిన చెక్కతో చెక్కిన క్రీస్తు పాట్లు. అడ్డుగోడ మీద పెద్ద సిలువ, ఆర్గన్. మట్టల ఆదివారం ఊరేగింపులో పైనుంచి పూలు, పల్చటి రొట్టె బిళ్లలు జల్లితే కింద పిల్లలు ఏరుకోవడం. పండగ ముందురాత్రి తాత ఇంటి ముందు మంట వేసి, బీదవాళ్లకు రొట్టె, తొట్టి నిండా బీరు పంచడం. అతని రాతలో సిద్ధాంతం కన్నా జ్ఞాపకమే ఎక్కువ. ఒక ముసలాయన తన ఊరిని తలుచుకుంటున్నాడు, అంతే. ఆ కొద్ది పుటలు ఇంగ్లండ్ సంస్కరణోద్యమ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ చరిత్రకారులకు ఆధారం.

ఎనిమిదో హెన్రీ కాలంలో, 1539లో, ఈ చర్చికి ఆసరాగా ఉన్న బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠం మూతపడింది. ఆరో ఎడ్వర్డ్ కాలంలో 1547 చట్టం చనిపోయినవారి కోసం ప్రార్థనలు జరిపే చాపెళ్లను రద్దుచేసింది. విగ్రహాలు దిగిపోయాయి, గోడలకు సున్నం పడింది. మోరియెల్ దంపతులు అడిగిన ప్రార్థనకు చర్చిలో చోటు లేకుండా పోయింది. ఆ తర్వాత అంతర్యుద్ధం. 1642 వేసవిలో అల్లరిమూకలు పక్కనే ఉన్న మెల్ఫర్డ్ హాల్‌ను, అది కేథలిక్ కౌంటెస్‌ది కాబట్టి, దోచుకున్నాయి. 1644 జనవరిలో విలియం డౌసింగ్ అనే అధికారి కొద్ది మైళ్ల దూరంలోని క్లేర్ చర్చికి వెళ్లి, వెయ్యి బొమ్మలు పగలగొట్టించామని దినచర్యలో రాసుకున్నాడు. ఆ విధ్వంసాన్ని భక్తి ఆవేశమనో కాలధర్మమనో సమర్థించడం తేలిక. కానీ ఆ అద్దాల్లో పోయింది దేవుడి బొమ్మలు మాత్రమే కాదు. వాటి కింద మోకరిల్లిన నేతగాళ్లు, వాళ్ల భార్యలు, పిల్లలు కూడా పోయారు. వాళ్లకు ఇంకే చరిత్రా లేదు.

మిగిలినవి ఎలా మిగిలాయి? ఏ రాజాజ్ఞా కాపాడలేదు. ముగ్గురు జ్ఞానులు బాల యేసుకు కానుకలిచ్చే దృశ్యం చెక్కిన అలబాస్టర్ పలక ఒకటి ఈ చర్చిలో ఉంది. 14వ శతాబ్ది నాటిది. ఎవరో దాన్ని నేలలో పాతిపెట్టారు. 18వ శతాబ్దిలో బయటపడింది. ఎవరు పాతారో తెలియదు, రాత్రిపూట పలుగూ పారా పట్టుకున్న ఒకరిద్దరు ఊరివాళ్లే అయి ఉండాలి. రోజర్ మార్టిన్ బలిపీఠపు చెక్కడాల్లో కొన్ని ఇంట్లో దాచి, తన వారసులు ఎప్పటికైనా తిరిగి చర్చిలో పెడతారని ఆశపడ్డాడు. ఆ ఆశ తీరలేదు. కానీ ఆ అలబాస్టర్ పలకను చూసినప్పుడల్లా ఆ మొండితనానికి చేతులు జోడించాలనిపిస్తుంది.

అధికారంలో ఉన్నవారి సమాధి కూడా ఇక్కడే ఉంది. హౌస్ ఆఫ్ కామన్స్‌కు స్పీకర్‌గా, పెద్ద న్యాయాధికారిగా పనిచేసిన సర్ విలియం కోర్డెల్ 1581లో పోయాడు. బలిపీఠం దగ్గర స్తంభాల మండపం కింద కవచంతో పడుకున్నాడు. పక్కన వివేకం, న్యాయం, నిగ్రహం, ధైర్యం స్త్రీ మూర్తులై నిలబడ్డాయి. పనితనం గొప్పదే. ఊళ్లో ముసలివాళ్లకు అతను కట్టించిన ఆశ్రమం ఈ రోజుకూ నిలిచి ఉంది. అయినా క్లాప్టన్ బోసి రాయి పక్కన ఈ సమాధి పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకటి ప్రార్థన అడుగుతుంది, ఇంకొకటి మెప్పు అడుగుతుంది. వంద ఏళ్ల లోపే చావు గురించిన ఆలోచన ఎంత మారిపోయిందో పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది.

లేడీ చాపెల్ తూర్పు గోడ మీద ఎక్కాల పట్టిక ఉంది. మందిరంలో పూజలు ఆగిపోయాక, 17వ శతాబ్దిలో దాన్ని బడిగా మార్చారు. మరియమ్మ కోసం కట్టిన చోట పిల్లలు ఎక్కాలు వల్లెవేశారు. ఆ పట్టికను చెరిపేయకుండా ఉంచినవారికి కృతజ్ఞత చెప్పాలి. గోపురం కథ మరోలా నడిచింది. 18వ శతాబ్ది తొలినాళ్లలో పిడుగుపడి దెబ్బతింది. ఇటుకలతో తిరిగి కట్టారు. అది నచ్చక, 1898–1903 మధ్య బాడ్లీ అనే వాస్తుశిల్పి ఇటుకల చుట్టూ రాయి, చెకుముకి తొడిగి పాత రూపాన్ని తలపించేలా చేశాడు. పాతవాటిని బాగుచేసే పేరుతో గీకి, కొత్తవి చేయడాన్ని వ్యతిరేకించి విలియం మోరిస్ 1877లోనే ఒక సంఘం పెట్టాడు. మరమ్మతు చేయండి, మార్చకండి అన్నది ఆ సంఘం పట్టు. బాడ్లీ గోపురం అందంగానే ఉంది, కానీ ఈ విషయంలో మోరిస్ మాటే సరైనది. ఎక్కాల పట్టికను చెరిపి, గోడను 15వ శతాబ్దికి తిరిగి తీసుకెళ్లి ఉంటే మనం ఎంత పోగొట్టుకునేవాళ్లం!

ఇప్పుడు అసలు సంగతి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు సుమారు 16 వేల చర్చి భవనాలున్నాయి. వాటిలో 12 వేలకు పైగా చట్టబద్ధంగా రక్షిత కట్టడాలు. అంటే అనుమతి లేకుండా మార్చకూడదు, పడగొట్టకూడదు. కానీ నిర్వహణ భారం ప్రభుత్వానిది కాదు, ఆయా ఊరి చర్చి మండలిది. ఆ మండలిలో ఉండేది స్వచ్ఛందంగా పనిచేసే కొద్దిమంది, ఎక్కువగా పదవీ విరమణ చేసినవాళ్లు. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లు తరతరానికీ తగ్గుతున్నారు. కప్పు మీది సీసపు రేకులను దొంగలు చుట్టగా చుట్టి ఎత్తుకెళ్లిపోతున్నారు. ఇంత జరుగుతుంటే, ఆ కప్పు బాగుచేయించిన చర్చి బిల్లు మీద ప్రభుత్వం 20 శాతం వ్యాట్ వేస్తోంది. అదే దేశంలో కొత్త ఇల్లు కట్టి అమ్మితే వ్యాట్ సున్నా. కొత్తది కట్టేవాడికి రాయితీ, పాతది నిలబెట్టేవాడికి పన్ను. ఇది తలకిందుల లెక్క.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే 2001లో ఒక పథకం పెట్టారు. రక్షిత ప్రార్థనాలయాలు కట్టిన వ్యాట్‌ను తిరిగి ఇచ్చే పథకమది. 2025లో దానికి కత్తెర పడింది. ఒక్కో భవనానికి ఏడాదికి 25 వేల పౌండ్లకు మించి ఇవ్వబోమన్నారు. చిన్న పనులకు ఇబ్బంది రాలేదు. కానీ మెల్ఫర్డ్ అంత చర్చికి కప్పు మార్చాలంటే చిన్న పనులతో సరిపోదు. 2026లో ఆ పథకం ముగిసేదాకా, పని విలువ లక్షా పాతిక వేల పౌండ్లు దాటిన క్షణం నుంచి పై మొత్తం మీద పన్నంతా ఊరే భరించాల్సి వచ్చింది. అంటే పెద్ద, పాత, ముఖ్యమైన కట్టడాలకే ఎక్కువ దెబ్బ తగిలింది. డబ్బు చాలనప్పుడు పని వాయిదా పడుతుంది. వాయిదా పడిన ప్రతి ఏడూ నీళ్లు ఇంకాస్త లోపలికి దిగుతాయి.

సంస్థకు సొంత నిధులు లేవా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. చర్చి కమిషనర్ల చేతిలో వెయ్యి కోట్ల పౌండ్లకు పైగా మూలధనం ఉంది. అందులోంచి ఊరి చర్చిలకు ఇంకా ఎక్కువ రావాలి. అయితే ఆ నిధి మీద గురువుల జీతాలు, పింఛన్ల బాధ్యత కూడా ఉంది. దేవుణ్ని నమ్మనివాడు ఎందుకు కట్టాలని ఇంకొకరు అడుగుతారు. మతాన్ని ప్రభుత్వం నుంచి వేరుచేయడంలో ఫ్రాన్స్‌ను మించిన దేశం ఐరోపాలో లేదు. అక్కడ 1905కు ముందు కట్టిన ఊరి చర్చిలు ఆ ఊరి పురపాలక సంస్థల ఆస్తి. పూజ చర్చిది, గోడ ఊరిది. ఇంగ్లండ్ ఆ దారి పట్టాలని కాదు, కనీసం మరమ్మతు మీద పన్ను తీసుకోవడం మానాలి. ఎక్కాలు దిద్దిన గోడ, మూడు చెవుల కుందేళ్లు, బట్లర్ పేరు ఆదివారం వచ్చే కొద్దిమందికి మాత్రమే చెందిన ఆస్తి కావు.

చెకుముకి రాయి వానకు కరగదు. దాన్ని పట్టి ఉంచే సున్నపు అడుసు మాత్రం కరుగుతుంది. పిట్టగోడ వెనకాల సీసపు కాలువలో ఆకులు పేరుకుంటే నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు గోడలోకి దిగుతుంది. చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది. అప్పుడు నల్ల ముక్కలు ఒక్కొక్కటిగా ఊడి, కింద గడ్డిలో పడతాయి. అందుకే ప్రతి శరదృతువులోనూ ఇలాంటి ఊళ్లలో ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని పైకెక్కుతారు. చేతికి తొడుగు వేసుకుని, కాలువలోని తడి ఆకులను దోసిళ్లతో తీసి బకెట్‌లో వేస్తారు. మెల్ఫర్డ్‌లోనైతే, ఆ చేతులకు గజం దూరంలో రోజర్ మోరియెల్, మార్గరెట్, కేథరిన్ ఉంటారు.